రూపాయి రూపాలు: హస్తిన పరిసరాలలో ఎనిమిది రోజులు

యాత్రకు బయలుదేరేవారికి దారి ఎంత ముఖ్యమో, ఆ దారిలో చెల్లే రూకలు కూడా అంతే ముఖ్యం. మన పూర్వులకు ఈ సంగతి చక్కగా తెలుసు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. అంతకాలమూ బోయీలను, పల్లకీలను, డేరాలను, వంట సామగ్రిని వెంట నడిపించుకుంటూ ప్రయాణం చేశారు. ఇల్లే కదలి వెళ్ళినట్లుండే ప్రయాణమది. ఆ రోజులలో సీమకొక నాణెం. ఒకచోట చెల్లిన రూపాయి మరొకచోట వట్టం ఇస్తేగాని చెల్లేది కాదు. పెద్ద మొత్తాలకు సాహుకారు వ్రాసి ఇచ్చిన హుండీయే ఆధారం.

అంత దూరం ఎందుకు? నిజాం పాలనలోని తెలుగు జిల్లాలవారు సరిహద్దు దాటి ఢిల్లీకో మద్రాసుకో పోవాలంటే తమ హాలీ సిక్కా రూపాయలను కల్దారు రూపాయలుగా మార్చుకోవలసి వచ్చేది. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దార్లు వచ్చేవి. స్వదేశంలోనే విదేశయానం వంటి వ్యవహారమది.

నేడు ఆ చిక్కు లేదు. దేశమంతటా ఒక్కటే రూపాయి. అయితే ఆ రూపాయికే ఇప్పుడు వేషాలు ఎక్కువైనాయి. జేబులో నోటు, పర్సులో కార్డు, చేతిలో ఫోను, మెట్రో ద్వారం వద్ద మరొక కార్డు, బండి ముందు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ చీటీ. ఇవన్నీ రూపాయి రూపాలే. ఏ చోట ఏ రూపం చెల్లుతుంది, ఏది ఎవరికి అక్కరకు వస్తుంది అన్న ప్రశ్న దేశ రాజధాని పరిసరాలలో మాకు అడుగడుగునా ఎదురైంది. ఆ విశేషాలను మన ఉద్యోగ మిత్రులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రయాణ సన్నాహం

2025 ఫిబ్రవరిలో మన కర్మాగారానికి చెందిన నాలుగు కుటుంబాల వారము, పెద్దలు పిల్లలు కలిసి పదముగ్గురము, విశాఖపట్నం నుండి రైలులో ఢిల్లీ చేరుకున్నాము. అక్కడ ఎనిమిది రోజులకు పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ ఒకటి అద్దెకు మాట్లాడుకున్నాము. విదేశాలలో వంటగది, పడకలు అమర్చిన మోటారు బండ్లలో కుటుంబాలు నెలల తరబడి తిరగడం మా పిల్లలు టీవీలో చూసి ఉన్నారు. మా బండిలో పడకలు లేవు కాని, వెనుక సీటు క్రింద ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా, బియ్యపు సంచి, బసలో వండుకోవడానికి కరెంటు కుక్కరు ఉన్నాయి. రెండవ రోజుకే ఆ బండి మా ఇల్లయింది.

జాతీయ రాజధాని ప్రాంతం అంటే ఢిల్లీ నగరం ఒక్కటే కాదు. 1985లో పార్లమెంటు చేసిన చట్టం క్రింద ఈ ప్రాంతానికి ఒక ప్రణాళికా మండలి ఏర్పడింది. ఢిల్లీతో పాటు హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల జిల్లాలు ఇందులో చేరి ఉన్నాయి. విస్తీర్ణం 55 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఒక పూట ప్రయాణంలోనే రెండు మూడు రాష్ట్రాల నేల తొక్కవచ్చును.

మాలో అందరికన్నా పెద్దవారు బాబాయిగారు. మన సంస్థలోనే ఫౌండ్రీ విభాగంలో ఫోర్‌మన్‌గా పనిచేసి 2009లో పదవీ విరమణ చేశారు. వయస్సు 76. ఆయనకు బ్యాంకు ఖాతా ఉంది, నెలనెలా పింఛను పడుతుంది. అయితే ఫోనులో మాట్లాడటమే తప్ప డబ్బు ఇచ్చి పుచ్చుకోవడం ఆయనకు సమ్మతం కాదు. బయలుదేరే ముందు ఇరవై వేల రూపాయలు బనీను లోపలి జేబులో పెట్టుకుని, పిన్నిగారి చేత దానికి పిన్నీసు పెట్టించుకున్నారు. మిగిలిన వాళ్ళమందరము ఫోన్లు, కార్డులు నమ్ముకుని బయలుదేరాము. ఉమ్మడి ఖర్చుల లెక్క మాలో ఒకరికి అప్పగించాము.

మాట్లాడే గల్లాపెట్టె

మొదటి రోజు సంసద్ మార్గ్‌లోని రిజర్వు బ్యాంకు భవనం ముందు ఆగాము. ప్రవేశద్వారానికి రెండు వైపుల యక్షుడు, యక్షిణి కొలువై ఉన్నారు. శిల్పి రామ్‌కింకర్ బైజ్. యక్షిణి వ్యవసాయానికి, యక్షుడు పరిశ్రమకు ప్రతీకలని చెబుతారు. యక్షుని చేతిలో ధనపు సంచి ఉంది. కర్మాగారపు మనుషులము కనుక ఆ యక్షుని చూసి మాకు ఆత్మీయత కలిగింది.

ఆ తరువాత ఒక వీధి మలుపులో టీ బండి వద్ద నిలిచాము. బాబాయిగారు పిన్నీసు విప్పి అయిదు వందల నోటు తీశారు. బండి యజమాని రెండు చేతులు జోడించి, "ఛుట్టా నహీ హై, బాబూజీ" అన్నాడు. మాలో ఒకరు బండికి అంటించి ఉన్న నలుపు తెలుపు గళ్ళ చీటీకి ఫోను చూపారు. మరుక్షణమే బల్ల మీది చిన్న పెట్టె, సొమ్ము ముట్టిందని హిందీలో బిగ్గరగా ప్రకటించింది. పిల్లలు నవ్వారు. బాబాయిగారు నోటును మడిచి మళ్ళీ లోపల పెట్టుకున్నారు.

ఈ పద్ధతికి ఢిల్లీతో దగ్గరి సంబంధమే ఉంది. యూపీఐ విధానం 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అదే సంవత్సరం నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ప్రకటించారు. డిసెంబరు 30న ఢిల్లీలోని తాల్‌కటోరా క్రీడామందిరంలో భీమ్ యాప్‌ను ప్రధానమంత్రి ఆవిష్కరించారు. పదేళ్ళు తిరగకముందే అది టీ బండి దాకా, జామపండ్ల తోపుడుబండి దాకా వచ్చింది. సముద్రాలు కూడా దాటింది. 2024 ఫిబ్రవరిలో పారిస్‌లోని ఈఫిల్ టవర్ టిక్కెట్లకు మన యూపీఐ చెల్లడం మొదలైంది. అంతకుముందు 2023లో జి-20 సమావేశాలకు మన దేశం వచ్చిన విదేశీ అతిథుల కోసం, ఇక్కడి బ్యాంకు ఖాతా లేకపోయినా వాడుకోగల యూపీఐ వ్యాలెట్‌ను ప్రవేశపెట్టారు.

కార్డుల విషయంలో మన తెలుగువారికి కూడా ఒక స్థానం ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో క్రెడిట్ కార్డులు ప్రవేశపెట్టిన తొలి బ్యాంకులలో ఒకటి. 1981లోనే ఆ పని చేసింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

ఎర్రకోట ముందు పిల్లలకు ఒక ఆట దొరికింది. బాబాయిగారి అయిదు వందల నోటు అడిగి తీసుకుని, దాని వెనుకవైపు అచ్చయిన ఎర్రకోట బొమ్మను ఎదురుగా ఉన్న కోటతో పోల్చి చూశారు. అప్పుడు బాబాయిగారు నోటు మీద పదిహేను భాషలలో విలువ వ్రాసి ఉన్న పట్టికను వారికి చూపించారు. క్రింది నుండి రెండవ వరుసలో తెలుగు ఉంది. "ఈ ఊళ్ళో ఆ పెట్టె హిందీలో మాట్లాడుతోంది కాని, నా నోటు తెలుగులో కూడా మాట్లాడుతుందర్రా" అన్నారు. అందరము నవ్వాము. కాని ఆ మాటలో ఒక అసంతృప్తి ఉన్నదని తరువాత గ్రహించాము.

రెండు కోటలు చెప్పిన పాఠం

రూపాయి చరిత్ర తెలుసుకోదలచినవారు ఢిల్లీలో రెండు కోటలు తప్పక చూడాలి. మొదటిది పురానా ఖిలా. 1540 నుండి 1545 వరకు పాలించిన షేర్‌షా ఈ కోటలో చాలా నిర్మాణాలు చేయించాడు. సుమారు పదకొండున్నర గ్రాముల వెండితో అతడు ముద్రించిన 'రూపియా' నాణెమే మన రూపాయికి మూలం.

రెండవది తుగ్లకాబాద్. గియాసుద్దీన్ తుగ్లక్ కట్టించిన ఈ కోట గోడలు నేటికీ కొండలవలె నిలిచి ఉన్నాయి. అతని కుమారుడు మహమ్మద్ బిన్ తుగ్లక్ 1330 ప్రాంతంలో, వెండి టంకానికి సమానంగా చెల్లుతుందని శాసించి ఇత్తడి, రాగి నాణేలు విడుదల చేశాడు. ఆలోచన చెడ్డది కాదు. మనం నేడు వాడే కాగితపు నోటుకు కూడా సొంత విలువ ఏముంది? ప్రభుత్వం ఇచ్చిన మాటే దాని విలువ. అయితే సుల్తాను దొంగ నాణేలను అరికట్టలేకపోయాడు. ఇంటింటా టంకశాల వెలిసింది. విదేశీ వర్తకులు ఆ నాణేలు పుచ్చుకోవడం మానివేశారు. చివరకు సుల్తాను వాటిని ఖజానాలో తీసుకుని వెండి, బంగారం ఇవ్వవలసి వచ్చింది. తిరిగి వచ్చిన నాణేలు తుగ్లకాబాద్‌లో గుట్టలుగా పడి ఉండేవని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ వ్రాశాడు.

ఆ శిథిలాల మధ్య నిలబడి మేము ఈ కథ పిల్లలకు చెప్పాము. డబ్బు అంటే లోహం కాదు, కాగితం కాదు, నమ్మకమేనని వారికి వివరించాము. బాబాయిగారు శ్రద్ధగా విని, "నమ్మకం సరే. నా నోటును నమ్మేవాడేడీ ఈ ఊళ్ళో?" అన్నారు.

ఆయన మాటలో న్యాయముంది. రిజర్వు బ్యాంకు చట్టం, 1934 ప్రకారం నోటు దేశమంతటా చెల్లుబాటయ్యే ద్రవ్యం. కాని వ్యవహారంలో నగదు ఇచ్చేవారికి అక్కడక్కడ కొంత అదనపు భారం పడుతోంది. పురావస్తు శాఖవారు 2018లో ప్రవేశ రుసుములు సవరించినప్పుడు, నగదు లేకుండా చెల్లించేవారికి అయిదు రూపాయల తగ్గింపు ఇచ్చారు. కుతుబ్ మీనార్ వద్ద భారతీయులకు టిక్కెట్టు నగదుకు 40 రూపాయలు, ఫోను ద్వారా అయితే 35. పదిహేను ఏళ్ళ లోపు పిల్లలకు రుసుము లేదు. మొత్తం చిన్నదే. కాని కిటికీ వద్ద వరుసలో నిలబడి ఎక్కువ చెల్లించేవారిలో వృద్ధులు, పల్లెలవారే ఎక్కువగా కనిపించారు.

ఒక కార్డు, ఒక చిరునవ్వు

బాబాయిగారిని సంతోషపెట్టినది ఢిల్లీ మెట్రో. 2002 డిసెంబరులో షాహదరా, తీస్ హజారీ స్టేషన్ల మధ్య మొదలైన ఈ రైలు నేడు నగరానికి ప్రాణనాడి. తొలినాళ్ళ ప్లాస్టిక్ టోకెన్ల స్థానంలో ఇప్పుడు గళ్ళ చీటీ టిక్కెట్లు వచ్చాయి. వాటితో పాటు స్మార్ట్ కార్డు ఉంది. దానితో ప్రయాణిస్తే చార్జీలో పది శాతం తగ్గింపు, రద్దీ లేని వేళలలో మరొక పది శాతం.

స్మార్ట్ కార్డులో నగదు ఇచ్చి డబ్బు వేయించుకోవచ్చునని తెలియగానే బాబాయిగారు పిన్నీసు విప్పారు. తనకొకటి, పిన్నిగారికొకటి కొన్నారు. ద్వారం వద్ద కార్డు ఆనించగానే తలుపులు విచ్చుకున్నాయి. రాజధానిలో తన సొమ్ముతో ఆయన చేసిన మొదటి ఖర్చు అది. ఆ పూటంతా కార్డును చొక్కా జేబులో పైకి కనబడేలా పెట్టుకుని తిరిగారు. ముందుగా డబ్బు నింపుకునే ఇటువంటి కార్డుకు బ్యాంకు ఖాతాతో ముడి లేదు, పిన్ను గుర్తు పెట్టుకోనక్కరలేదు. పోతే పోయేది దానిలో ఉన్న పైకమే. పెద్దవారికి ఇది మంచి మధ్యేమార్గమని మాకు తోచింది.

మరునాడు న్యూ అశోక్ నగర్ నుండి మేరఠ్ వైపు వెళ్ళే నమో భారత్ రైలు ఎక్కాము. ఢిల్లీలోని ఆ స్టేషను నుండి రైళ్ళు 2025 జనవరి 5న ఆరంభమయ్యాయి. 2019లో ప్రవేశపెట్టిన జాతీయ ఉమ్మడి ప్రయాణ కార్డు ఆ రైలులో చెల్లుతుంది. ఒకే కార్డుతో ఊరూరా ప్రయాణించే సౌకర్యం కొద్దికొద్దిగా విస్తరిస్తోంది.

చాందినీ చౌక్‌లో పోయినదేమి, మిగిలినదేమి

షాజహాను కుమార్తె జహనారా 1650 ప్రాంతంలో తీర్చిదిద్దిన అంగడి వీధి చాందినీ చౌక్. 2021లో పునరుద్ధరించినప్పటి నుండి పగటివేళ మోటారు బండ్లను రానివ్వడం లేదు. దరీబా కలాన్‌లో వెండి నగలు, ఖారీ బావలీలో మసాలా దినుసులు చూస్తూ రెండు గంటలు నడిచాము. ఆ రద్దీలో మా ఆడపడుచులలో ఒకరి చేతిసంచి కోసి ఎవరో పర్సు కాజేశారు. అందులో 3,400 రూపాయల నగదు, రెండు కార్డులు ఉన్నాయి.

ఆమె భర్త అక్కడే నిలబడి, బ్యాంకు నంబరుకు ఫోను చేసి పది నిమిషాలలో రెండు కార్డులనూ స్తంభింపజేశారు. కార్డుల నుండి ఒక్క రూపాయి కూడా పోలేదు. నగదు మాత్రం తిరిగి రాలేదు. కార్డుకు ఉన్న గొప్ప గుణం ఇది. పోయినా దాని తలుపు మనం మూసివేయవచ్చు. నోటు ఎవరి చేతిలో ఉంటే వారిదే.

ఈ సందర్భంగా మిత్రులు గుర్తుంచుకోవలసిన అంశం ఒకటుంది. ఖాతాదారు తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేకుండా మూడవవారి వలన ఖాతాలో సొమ్ము పోయినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాలలో బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుపై నష్టభారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశాలు ఇచ్చింది. సైబర్ మోసాలకు 1930 నంబరుకు ఫోను చేయాలి. కార్డు తాకించి చెల్లించే పద్ధతిలో అయిదు వేల రూపాయల వరకు పిన్ను లేకుండానే సొమ్ము పోతుంది. అందుచేత ప్రయాణానికి ముందే ఆ పరిమితిని తగ్గించుకోవడమో, ఆ సౌకర్యాన్ని ఆపివేసుకోవడమో మేలు.

సరిహద్దులు, సుంకాలు

ఢిల్లీ విడిచి ఫరీదాబాద్ చేరాము. అక్కడి సూరజ్‌కుండ్‌లో 1987 నుండి ఏటా ఫిబ్రవరిలో హస్తకళల మేళా జరుగుతుంది. ఆదివారం కావడం వలన జనం కిటకిటలాడుతున్నారు. అన్ని వేల ఫోన్ల నడుమ సంకేతాలు అందక, చెల్లింపులు గిరగిర తిరుగుతూ ఆగిపోతున్నాయి. కళాకారులు నగదు ఇచ్చినవారినే ముందు పిలుస్తున్నారు. పిన్నిగారు తమ వద్ద ఉన్న చిల్లరతో రెండు మట్టి దీపాలు, ఒక వెదురు బుట్ట క్షణంలో కొని వచ్చారు. ఆ బుట్ట బండిలో అందరి చెప్పులకు నెలవైంది.

రహదారిలో మాత్రం నగదుకు గౌరవం తక్కువ. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారులపై ఫాస్టాగ్ తప్పనిసరి. లేనివారు అప్పట్లో రెండింతలు చెల్లించవలసి వచ్చేది. మేము తిరిగి వచ్చిన తరువాత, 2025 నవంబరు 15 నుండి ఈ నిబంధన కొంత మారింది. ఫాస్టాగ్ లేని బండి యూపీఐ ద్వారా చెల్లిస్తే ఒకటింబావు వంతు, నగదు ఇస్తే రెండు వంతులు అని అప్పుడు నిర్ణయించారు. బండి మాట్లాడుకునేటప్పుడే టోలు, పార్కింగు, రాష్ట్ర పన్నులు ఎవరివో కాగితం మీద వ్రాయించుకోవడం మంచిది. మా డ్రైవరు ఆల్వార్ వైపు మనిషి, నెమ్మదస్తుడు. తన బత్తా మాత్రం రోజూ సాయంత్రం నగదుగానే కావాలన్నాడు. కారణం అడిగితే, ఖాతాలో పడిన సొమ్ము బండి వాయిదాకు పోతుందనీ, చేతికి వచ్చినదే ఇంటికి పోతుందనీ చెప్పాడు. నోటుకు అటువంటి అవసరం కూడా ఉంది.

భరత్‌పూర్‌లో కేవలాదేవ్ పక్షుల ఉద్యానం చూశాము. 1985లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ చిత్తడి నేలలో రిక్షా నడిపేవారే మార్గదర్శకులు. ఏ చెట్టు మీద ఏ కొంగ గూడు కట్టిందో వారికి కంఠస్థం. వారిలో కొందరి రిక్షాలకు గళ్ళ చీటీలు వ్రేలాడుతున్నాయి, మరికొందరు నోటు మాత్రమే తీసుకున్నారు.

ఆ రాత్రి

ఆ సాయంత్రం ఆల్వార్ వైపు బయలుదేరాము. త్రోవలో మా పిల్లలలో చిన్నవాడికి, ఆరేళ్ళ బాలుడికి, జ్వరం వచ్చింది. రాత్రి పదకొండు గంటలు దాటేసరికి ఒళ్ళు కాలిపోసాగింది. దారిలోని ఒక చిన్న పట్టణంలో డ్రైవరు ఒక వైద్యుని ఇల్లు వెతికి తలుపు తట్టాడు. ఆయన పరీక్షించి, భయం లేదని చెప్పి, ఒక ఇంజెక్షను, కొన్ని మందులు, రక్తపరీక్ష వ్రాసి ఇచ్చారు. ప్రక్కనే మందుల దుకాణం. మొత్తం 1,860 రూపాయలు.

బాలుని తండ్రి ఫోను చూపారు. చెల్లింపు జరగలేదు. మరొకరు చూపారు. జరగలేదు. కార్డు గీచారు, అదీ లేదు. నాలుగు ఫోన్లు, అయిదు కార్డులు ఒకదాని తరువాత ఒకటి మూగబోయాయి. కొంతసేపటికి కారణం బోధపడింది. మన టౌన్‌షిప్‌లో ఉండేవారందరి జీతపు ఖాతాలూ ఒకే బ్యాంకు శాఖలో ఉండటం సహజం. మా నాలుగు కుటుంబాల ఖాతాలూ అందులోనివే. ఆ రాత్రి ఆ బ్యాంకు సర్వరు నిలిచిపోయి ఉంది. చేతిలో ఎన్ని కార్డులు ఉన్నా, వాటన్నిటి వెనుక ఉన్న తలుపు ఒక్కటే. అది మూసుకుంటే అన్నీ మూసుకున్నట్లే. ఉమ్మడి పైకంలోని నగదు ఆనాటి రిక్షాలకు, డ్రైవరు బత్తాకు సరిపోగా రెండు వందల చిల్లర మిగిలింది.

దుకాణదారు మా అవస్థ చూసి, మందుల పొట్లం మా వైపు జరిపి, పిల్లవాడికి ముందు మందు వేయమనీ, డబ్బు ఢిల్లీ చేరాక పంపమనీ హిందీలో అన్నాడు. మా పేరైనా అడగలేదు. ఈలోగా బాబాయిగారు బండి దిగి వచ్చారు. చలికి కప్పుకున్న శాలువా ప్రక్కకు తీసి, చొక్కా గుండీలు విప్పి, పిన్నీసు తీసి, నాలుగు అయిదు వందల నోట్లు లెక్కపెట్టి బల్ల మీద ఉంచారు.

బాలుని తండ్రి, "బాబాయిగారూ, రేపు పొద్దున్నే మీకు ఇచ్చేస్తాను" అన్నారు.

"ఇవ్వనక్కరలేదు నాయనా. అయిదు రోజుల నుంచి నా కాఫీ మీరే ఇస్తున్నారు, నా టిక్కెట్టు మీరే కొంటున్నారు. చెయ్యి జేబులో పెట్టేలోపే ఆ పెట్టె అరిచేస్తోంది. ముప్ఫయి నాలుగేళ్ళు నౌకరీ చేసినవాణ్ణి. నా మనవడి వంటి వాడికి మందు కొనే వీలైనా నాకు దక్కనీయండి" అన్నారు ఆయన.

ఎవరమూ మారు మాట్లాడలేదు. తెల్లవారేసరికి పిల్లవాడికి జ్వరం తగ్గింది. బ్యాంకు సర్వరు కూడా కోలుకుంది. ఆ ఉదయం టీ బండి వద్ద మేమెవ్వరమూ ఫోను తీయలేదు. బాబాయిగారు పన్నెండు టీలకు, ఒక పాలగ్లాసుకు డబ్బు ఇచ్చి, చిల్లర లెక్క చూసుకుని జేబులో వేసుకున్నారు.

మా అనుభవసారం

ఢిల్లీకి తిరిగి వచ్చి, అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్‌లో పప్పు, గోంగూరతో తృప్తిగా భోజనం చేశాము. సాయంత్రం బంగ్లా సాహిబ్ గురుద్వారాకు వెళ్ళాము. అక్కడ చెప్పులు భద్రపరచినందుకు గాని, లంగరులో పంక్తిన కూర్చోబెట్టి రొట్టె, పప్పు వడ్డించినందుకు గాని ఎవరూ ఏమీ అడగరు. కోటీశ్వరుడూ కూలీ ప్రక్కప్రక్కన కూర్చుని భుజిస్తారు. నోటుకు, కార్డుకు, ఫోనుకు సమానంగా విశ్రాంతి దొరికిన చోటు మా యాత్రలో అదొక్కటే.

ఇకముందు సెలవు ప్రయాణానికి బయలుదేరే మిత్రులకు మేము చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. కుటుంబంలో కనీసం రెండు వేర్వేరు బ్యాంకుల ఖాతాలు ప్రయాణంలో అందుబాటులో ఉండాలి. జీతపు బ్యాంకు కార్డు ఒకరి వద్ద, వేరే బ్యాంకు కార్డు మరొకరి వద్ద ఉంచుకోవాలి. రెండు రోజుల భోజనానికి, ఒక రాత్రి వైద్యానికి సరిపోయే నగదు చిన్న నోట్లలో రెండు మూడు చోట్ల విడదీసి పెట్టుకోవాలి. ఢిల్లీ వంటి మహానగరాలలో ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు మూడు లావాదేవీలే ఉచితం. ఆపైన 2025 మే 1 నుండి ఒక్కొక్కదానికి 23 రూపాయల వరకు రుసుము పడుతుంది. బస, రైలు వంటి పెద్ద ఖర్చులకు కార్డుగాని ఫోనుగాని వాడితే రసీదు నిలిచి ఉంటుంది. తిరిగి వచ్చి బిల్లు పెట్టేటప్పుడు అకౌంట్స్ విభాగపు మిత్రులకూ మనకూ శ్రమ తగ్గుతుంది. మీటల ఫోను వాడే పెద్దలకు 2022లో వచ్చిన యూపీఐ 123 పే ఉంది. ఇంటివారి ఖాతా నుండి పరిమితికి లోబడి పెద్దలు తామే చెల్లించుకునే యూపీఐ సర్కిల్ 2024లో వచ్చింది. ఇష్టపడితే నేర్పాలి. ఇష్టపడని వారికి మెట్రో కార్డు వంటిదైనా చేతిలో పెట్టాలి.

వీటన్నిటికన్న ముఖ్యమైన మాట మరొకటి. మన వెంట వచ్చిన పెద్దలను అతిథులవలె కూర్చోబెట్టి అన్ని ఖర్చులూ మనమే భరించడం గౌరవమని మనము అనుకుంటాము. వారి చేయి కూడా ఒకసారి ఇచ్చే చేయి కావాలని వారికి ఉంటుంది. ఏ రూపంలోనైనా సరే, వారి రూపాయి కూడా చెల్లే చోటు ప్రతి ప్రయాణంలోను ఒకటి ఉండేలా చూడవలసిన బాధ్యత చిన్నవారమైన మన అందరిదీ.

మా టెంపో ట్రావెలర్ యాత్ర ముగిసి విశాఖ రైలు ఎక్కేనాటికి బాబాయిగారి బనీను జేబులో పదకొండు వేల పైచిలుకు మిగిలింది. వచ్చే శీతకాలం మైసూరు, ఊటీ చూడాలని ఆయన ప్రతిపాదించారు. ప్రతిపాదన నలుగురి ఆమోదం పొందింది.